తూకం గదిలో హారతి

శనివారం పొద్దున పదకొండు గంటలప్పుడు సుధాలక్ష్మి కళ్ల ముందు పుట్టిన మంట రెప్పపాటు కూడా నిలవలేదు. పరీక్షాశాలలో ఫర్నెస్ తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల అయిదువందల యాభై డిగ్రీల వేడిలో, అగ్గిపుల్లల జిగురు మాడి బూడిదైన పింగాణీ గిన్నెలు మసక ఎరుపులో కూర్చుని ఉన్నాయి. వాటిని పట్టకారుతో బయటికి తీయడం సుధాలక్ష్మి పని. గడప మీద రాలిన బూడిదను ఊదేయడం పొన్నుతాయి పని. పొన్నుతాయి గాలి డబ్బా సన్నగొట్టాన్ని గడప వైపు తిప్పి మీట నొక్కింది. బుస్సుమన్న చప్పుడు మధ్యలోనే గప్పుమంది. నీలి నాలుక ఒకటి గడప దగ్గర లేచి, వెనక్కి పాకి, ఆమె ముంజేతిని తడిమి, ఎడమ కనుబొమను అంటి, ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పోయినట్టు పోయింది. మిగిలింది కాలిన వెంట్రుకల కంపు.

పొన్నుతాయి డబ్బాను కింద పెట్టి, చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. యాభై రెండేళ్ల మనిషి. ఈ పరీక్షాశాలలో గాజుసామాను కడిగి, నేల తుడిచి, యంత్రాల దుమ్ము దులిపే పనిలో ఆరేళ్లుగా ఉంది. కొళాయి విప్పి చెయ్యి దాని కింద పెట్టి నవ్వింది.

“ఏమీ లేదు సుధమ్మా. గొరిగినట్టు నున్నగా అయిపోయె. తీపెట్టి ఆపీసులో ఇంతకన్నా పెద్దవి చూసుండా.”

కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల కర్మాగారాన్ని తీపెట్టి ఆపీసు అనే అంటారు. పొన్నుతాయి ఇక్కడికి రాకముందు అలాంటి ఆపీసుల్లోనే పుల్లలను మందులో ముంచే పని చేసింది. అందుకని మంట ఆమెకు కొత్త కాదు. నవ్వు కూడా కొత్త కాదు.

సుధాలక్ష్మికి నవ్వు రాలేదు. ఆమె చూపు పొన్నుతాయి చేతిని దాటి, ఫర్నెస్‌కు రెండు బారల దూరంలో ఉన్న అర మీద పడింది. చుట్టుపక్కల ఆపీసుల నుంచి ఆ వారం పరీక్షకు వచ్చిన పొటాషియం క్లోరేటు సీసాలు పదిహేడు అక్కడ వరసగా ఉన్నాయి. వాటికింది అరలోనే, క్లోరేటుతో కలిస్తే పేలే గంధకం పొట్లాలు. ఆ రెండింటినీ ఒక బీరువాలో ఉంచకూడదని ఆమె రెండుసార్లు రాసి ఇచ్చింది, అవి కదలలేదు. మంట ఇంకొక్క బార సాగి ఉంటే అని మొదలైన ఆలోచనను ఆమె పూర్తి చేయలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

మేనేజరు బాలచందర్ తన గాజు గదిలోంచి వచ్చి, ముందుగా ఫర్నెస్ తలుపుకు ఏమైనా అయిందా అని అడిగాడు. తలుపుకు ఏమీ కాలేదని తెలిశాక పొన్నుతాయి చేతిని చూశాడు. తరువాత ప్రమాదాల రిజిస్టరు తెప్పించి, చక్కని ఇంగ్లీషు దస్తూరీతో మూడు పంక్తులు రాశాడు. అటెండరు తన అజాగ్రత్త వల్ల చెయ్యి కాల్చుకున్నదనీ, ఇది ఈ ఏడాదిలో రెండోసారి అనీ వాటి సారాంశం. మొదటిసారి ఆమె చేసిన అపరాధం ఒక గాజు కుప్పెను జారవిడవడం. పొన్నుతాయి తన పేరును గుండ్రటి తమిళ అక్షరాల్లో, ఒక్కొక్కటే దించి, తాను చదవలేని ఆ వాక్యాల కింద పెట్టింది. పక్కనే సాక్షి గడి ఖాళీగా ఉంది. బాలచందర్ కలాన్ని సుధాలక్ష్మి వైపు తిప్పి పట్టుకున్నాడు. ఒక పరీక్ష సగంలో ఉందనీ, చేతికి మందు అంటుకుందనీ ఆమె తమిళంలో గొణిగింది. తొందరేమీ లేదని అతను మర్యాదగానే అన్నాడు.

ఆ తరువాత తూకం గదిలో సుధాలక్ష్మి ఒక నమూనా తూచబోతే త్రాసు నిలవలేదు. పాయింటు తరువాత నాలుగో అంకె మూడుకూ తొమ్మిదికీ మధ్య కొట్టుకుంటూనే ఉంది. గాజు తలుపులు మూసే ఉన్నాయి. కిటికీ లేని ఆ చిన్న గదిలోకి గాలి చొరబడే సందు లేదు. గడప పక్కకు వచ్చి నిలబడి, తన ఊపిరి సర్దుకునేదాకా ఆమె ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపటికీ ఊపిరీ సర్దుకోలేదు, అంకె కూడా నిలవలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, పొద్దున మండిన గాలి డబ్బాను సింకు దగ్గరికి తీసుకువెళ్లింది. ముందువైపు నీలి ఆకాశం, తెల్లటి మబ్బు, ఓజోనుకు హాని చేయదన్న ప్రశంస. వెనకవైపు చీమతలకాయ అక్షరాలు. ఆ అక్షరాల పక్కన, తమ సంస్థ పేరూ కోవిల్పట్టి శాఖ అన్న మాటా అచ్చువేసిన ఎర్ర చీటీ ఒకటి నలుచదరంగా అంటించి ఉంది. నీళ్లతో నానబెట్టి గోటితో దాన్ని కొంచెం కొంచెంగా లేపింది. కింద మంట బొమ్మ ఉంది. దాని కింద, ఇందులో ఉన్నది డైఫ్లోరోఈథేన్ అనే మండే వాయువని రాసి ఉంది.

ఇంకో డబ్బా తీసి చూసింది. ఎర్ర చీటీ అదే చోట ఉంది. అరలో మిగిలిన మూడింటి మీదా అదే చోట, స్కేలు పెట్టి కొలిచినట్టు ఉంది. వాటిని యథాస్థానంలో పెట్టి, తడి చేతులు తుడుచుకోవడం మరిచిపోయి, ఎవరైనా చూశారేమోనని తలుపు వైపు చూసింది.

ఆదివారం సాయంకాలం ఇంట్లో దీపం పెట్టబోయి అగ్గిపుల్లను గీసి, దాన్ని మొహానికి బాగా దూరంగా పట్టుకున్నానని గ్రహించింది. ఆ పుల్ల తల మీది మందును తానే పరీక్షించి, బాగుందని ధ్రువపరిచి ఉండవచ్చు. నలభై నాలుగేళ్ల వయసులో, అగ్గిపెట్టెల ఊళ్లో, అగ్గిపుల్లకు భయపడుతోంది. అప్పుడు ఆమెకు పోయిన ఏటి ఆయుధపూజ గుర్తుకు వచ్చింది.

పరీక్షాశాలలో ఆ పూజకు ఒక క్రమం ఉంది. పొద్దున్నే యంత్రాలన్నిటికీ దుమ్ము దులుపుతారు. గంధపు బొట్లు పెడతారు. సరస్వతి పటం ఉండేది తూకం గదిలో; తూకం తప్పితే తక్కినదంతా తప్పినట్టే గనుక త్రాసులకు అగ్రపూజ. నాలుగు త్రాసుల గాజుపెట్టెల్లోకీ గాలి డబ్బాతో ఊది, తలుపులు మూసి, కాసేపటికి కర్పూరపు పళ్లెంతో లోపలికి వెళతారు. ఆ పళ్లేన్ని పట్టుకునేది పొన్నుతాయి. ఆమె చేత్తో శుభ్రమైన యంత్రాలకు ఆమె చేతే హారతి ఇప్పించడం గొప్ప సంప్రదాయమని బాలచందర్ పై ఆఫీసుకు రాసే ఉత్తరంలో ప్రశంసించాడు కూడా.

డైఫ్లోరోఈథేన్ గాలి కన్నా బరువు. కిటికీ లేని గదిలో అది నీళ్లలాగా అడుగుకు చేరి, బల్లల మీదా గాజుపెట్టెల్లోనూ మెదలకుండా కూర్చుంటుంది. పోయిన ఏడు డబ్బా పాతబడి, అందులో సగమే ఉండబట్టి ఏమీ కాలేదని సుధాలక్ష్మికి తెలుసు. ఈసారి కొత్త పెట్టె వస్తోంది. పూజ బుధవారం.

సోమవారం ఆమె విరుదునగర్‌లోని హెడ్డాఫీసుకు వెళ్లింది. ఏడాదికి సరిపడా గాలి డబ్బాలు తెప్పించే ముందు అవి పరీక్షాశాలకు తగినవేనని సీనియర్ టెక్నీషియనుగా ఆమె సంతకం చేయాలి. ఆ కాగితం ఆమె సంచిలో ఉంది. సాత్తూరు దాటేదాకా బస్సులో నిలబడే ఉంది. సీటు దొరికాక కాగితం తీసి చదివింది. పరీక్షాశాలలో వాడటానికి ఇది సురక్షితమా అన్న ప్రశ్న ఎదుట, అవును అన్న జవాబు ముందే టైపు చేసి ఉంది. కింద సిఫారసు చేసినవారు అన్నచోట బాలచందర్ పేరు ఉంది. ధ్రువీకరించినవారు అన్నచోట తన పేరు ఉంది. సంతకాలే లేవు.

హెడ్డాఫీసులో కొనుగోళ్లు చూసే జెయకుమార్ మర్యాదస్థుడు. టీ తెప్పించాడు. అడిగిన వెంటనే, నమూనాలుగా వచ్చిన రెండు రకాల డబ్బాలనూ బల్ల మీద పెట్టాడు. సుధాలక్ష్మి వాటి పక్కన తన సంచిలోంచి, ఒత్తితే గాలి ఊదే రబ్బరు బుడ్డిని, ఒంటె వెంట్రుకల కుంచెను తీసి పెట్టింది. తరువాత, పరీక్షా ఫలితాలు చదివే గొంతుతో, వరసగా చెప్పుకుంటూ పోయింది. మొదటి డబ్బాలోది మండుతుంది. ఫర్నెస్, హాట్‌ప్లేటు, కర్పూరం ఉన్నచోట దానికి స్థానం లేదు. రెండోది మండదు, అయినా వేడి ఫర్నెస్ మీద కొడితే విరిగి, ఊపిరితిత్తులను తినే ఆమ్లపు ఆవిరి అవుతుంది. డబ్బాను తలకిందులు చేస్తే వాయువు బదులు ద్రవం వచ్చి చర్మాన్ని గడ్డకట్టిస్తుంది. కాబట్టి దాన్ని నిటారుగా పట్టుకుని, కిటికీలు తెరిచిన గదిలో, కరెంటు తీసేసిన యంత్రాల లోపలి సర్క్యూటు పలకలకు మాత్రమే వాడాలి. త్రాసులకు ఈ రెండూ అక్కరలేదు, బుడ్డీ కుంచే చాలు. ఫర్నెస్ గడపకు అదీ అక్కరలేదు. చల్లారేదాకా ఆగి తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

జెయకుమార్ శ్రద్ధగా విన్నాడు. విని, ఏది ఎంచుకోవాలని ఆమెను ఎవరూ అడగలేదనీ, ఎంచుకోవడం అయిపోయిందనీ, సంతకం మాత్రమే మిగిలిందనీ ఎంతో సౌమ్యంగా చెప్పాడు. పూజకు కావలసిన పెట్టె అప్పటికే వ్యానులో కోవిల్పట్టికి బయలుదేరిందట. అతను చెబుతూనే, పక్కనున్న ఇంకో పెట్టెలోంచి డబ్బాలు తీసి, ఎర్ర చీటీల చుట్టలోంచి ఒక్కొక్కటే చించి అంటిస్తున్నాడు. బొటనవేలితో చుట్టూ ఒత్తుతున్నాడు. ఆ వేలి కింద మంట బొమ్మ ఒకటి తరువాత ఒకటిగా మూతపడుతోంది.

“అన్నిటికీ అక్కడే అంటిస్తారా సార్?” అని అడిగింది.

“మీ బ్రాంచి వాళ్లు చెప్పిన చోటే అమ్మా. మీ సారే ఫోనులో చెప్పారు. ఆ బొమ్మ కనపడితే తనిఖీకి వచ్చినవాళ్లు వంద ప్రశ్నలు వేస్తారంట.”

దాచవలసిన విషయం చెప్పానన్న స్పృహ అతని మొహంలో లేదు. పెళ్లిపత్రికల మీద స్టాంపులు అంటించే మనిషిలా అంటిస్తూనే ఉన్నాడు. ఆమె పేరు కూడా ఉన్న కాంట్రాక్టు పొడిగింపుల జాబితా శుక్రవారం పైకి వెళుతుందనీ, ఈ కాగితం అంతలోపు వస్తే అందరికీ మంచిదనీ తలెత్తకుండానే గుర్తుచేశాడు. పూజ అయ్యాక పంపుతానని సుధాలక్ష్మి అంది.

తిరుగు బస్సులో బయటి నల్లరేగడి, వానకు ఎదురుచూస్తూ దున్ని వదిలిన చాళ్లు, కిటికీలోంచి వచ్చే దుమ్ము, ఏదీ ఆమెకు పట్టలేదు. ఇంతవరకు ఆమె భయపడింది ఒక వాయువుకు. అది ఎంత బరువో, ఎంత వేడికి అంటుకుంటుందో ఆమెకు అంకెలతో సహా తెలుసు. ఇప్పుడు భయం ఒక మనిషిని గురించి. బాలచందర్ మంట బొమ్మను చూశాడు. చూసి, దాని మీద చీటీ వేయించాడు. వేయించి, పోయిన ఏడు తూకం గది గడప దగ్గర ఆగి, ఆడవాళ్లు ముందు వెళ్లాలి అని పొన్నుతాయికి దారి ఇచ్చాడు. ఆనాడు సుధాలక్ష్మి దాన్ని సంస్కారం అనుకుంది.

మంగళవారం కొత్త పెట్టె వచ్చింది. బాలచందర్ అందరినీ పిలిచి, రేపు పొద్దున్నే డబ్బాలతో యంత్రాలన్నీ అద్దంలా దులపాలనీ, ఫొటోలు హెడ్డాఫీసుకు వెళతాయనీ చెప్పాడు. ఫొటోల బాధ్యత కొత్తగా చేరిన కెమిస్టు సింధుజది. తరువాత సుధాలక్ష్మిని ఒక్కదాన్నే గాజు గదిలోకి పిలిచి, రెండోసారి అజాగ్రత్త నమోదైంది గనుక పొన్నుతాయిని సెలవుల తరువాత మనుషులను పంపే కాంట్రాక్టరుకు తిప్పి పంపుతున్నట్టు తెలియజేశాడు. సాక్షి గడి ఇంకా ఖాళీగా ఉందని కూడా అన్నాడు.

చెప్పాలనుకున్నవి ఆమె బస్సులోనే నాలుగు వాక్యాలుగా కూర్చుకుంది. నోటికి వచ్చింది సగం వాక్యం. తూకం గదిలో కర్పూరం వెలిగించడం ఈసారి, అని మొదలుపెట్టేసరికి అతను నవ్వి, పోయిన ఏడు ఏమైంది, ఏమీ కాలేదు కదా అన్నాడు. కాలేదని ఆమె తల ఊపింది. బయటికి వచ్చాక కూడా తల ఆ ఊపులోనే ఉన్నట్టు అనిపించి, మెడ మీద చెయ్యి వేసి ఆపుకుంది.

సాయంత్రం సింకు దగ్గర పొన్నుతాయి పిపెట్లు కడుగుతోంది. కాలిన కనుబొమ ఉన్నచోట కాటుకతో గీత గీసుకుంది. చెమటకు అది కొంచెం జారింది. సుధాలక్ష్మి కొళాయి ధార పెంచి, ఆ చప్పుడు చాటున, తమ ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులో, డబ్బాలో ఏముందో, చీటీ కింద ఏముందో, రిజిస్టరులో ఏం రాసి ఉందో మొత్తం చెప్పింది. పొన్నుతాయి పిపెట్లు అన్నీ కడిగి, తలకిందులుగా నిలబెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“అట్లయితే పోయినేడు సూడం తట్ట నా చేతిలో పెట్టి లోపలికి పొమ్మన్యారే, అది?”

కర్పూరాన్ని వాళ్లు సూడం అంటారు, పళ్లేన్ని తట్ట అంటారు. సుధాలక్ష్మి ధారను ఇంకొంచెం పెంచింది.

“ఆ పొద్దు ఆయప్ప, ఆ మేనేజరు, యాడ నిలబడె?”

“వాకిట్లో అక్కా. తలుపు అవతల.”

పొన్నుతాయి మూసిన తూకం గది వైపు చూసింది. ఆమె ముంజేతి మీద ఇప్పుడు ఒక్క వెంట్రుకా లేదు. ట్యూబులైటు వెలుగులో ఆ చోటు పసిబిడ్డ చర్మంలా మెరుస్తోంది.

“నన్ను పంపేస్తే పోతా సుధమ్మా, ఆపీసులు లేవా ఏమి. అయితే నా వెనకాల ఒక పిల్ల వస్తుందే, దానికి ఈ డబ్బా ఇస్తారు. దానికి ఎవరు చెప్తారు?” అని, కొంచెం ఆగి, “నీకు బయమా?” అంది.

“బయమే అక్కా.”

“నాకూ బయమే. రేపు ఎన్ని గంటలకు రావాల?”

బుధవారం పొద్దున ఆరున్నరకు ఇద్దరూ వచ్చారు. కాపలాదారు తాళం తీసి తన స్నానానికి వెళ్లాడు. ముందుగా క్లోరేటు సీసాలు పదిహేడింటినీ ఒక్కొక్కటిగా రెండు చేతులతో మోసి, గంధకం లేని వేరే గది బీరువాలో పెట్టారు. రాసి ఇచ్చినా కదలనివి పావుగంటలో కదిలాయి. తరువాత తూకం గది. త్రాసు పళ్లెం పైకి తీసి, కుంచెతో అడుగు నుంచి అంచుకు తుడిచి, రబ్బరు బుడ్డిని గట్టిగా ఒత్తి మూలలు ఊది, గాజు తలుపుల గాడిలో ఇరుక్కున్న నలుసును తడి దూదితో తీశారు. నాలుగు త్రాసులకూ నలభై నిమిషాలు పట్టింది. కుంచె తిప్పడంలో పొన్నుతాయి మణికట్టు సుధాలక్ష్మి మణికట్టు కన్నా నమ్మకమైనది. ఆ గదిలో గాలి డబ్బా మీట ఎవరూ నొక్కలేదు.

కొత్త పెట్టెలోంచి రెండు డబ్బాలను మాత్రం పెరట్లోకి తీసుకువెళ్లారు. గోడ చివర, పొయ్యీ దీపమూ లేనిచోట, గాలివాటు చూసుకుని నిలబడ్డారు. చేతికి గుడ్డ చుట్టుకుని, నిటారుగా పట్టుకుని, పొన్నుతాయి మీట నొక్కింది. డబ్బా చల్లబడి, తెల్లటి మంచు పట్టి, బుస్సుమనడం సన్నగిల్లి, ఆగిపోయింది. అయిదు నిమిషాలు ఆగి రెండోది. ఖాళీ అయిన రెండింటినీ తెచ్చి తూకం గది గుమ్మం పక్కనున్న అరుగు మీద నిలబెట్టారు. అడిగితే అబద్ధం చెప్పకూడదని సుధాలక్ష్మి తనలో తాను ఒప్పందం చేసుకుంది. జరిగింది మాత్రమే చెప్పాలి. జరిగినదంతా వెంటనే చెప్పాలన్న నిబంధన లేదు.

పదింటికి గుమ్మానికి అరటి పిలకలు కట్టారు. యంత్రాలన్నిటికీ గంధమూ కుంకుమా పెట్టారు. పళ్లేల్లో బొరుగుల పొరి, వేయించిన శనగలు, పల్లీల కడలైమిట్టాయి సిద్ధమయ్యాయి. బాలచందర్ పట్టంచు పంచెతో, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, నుదుట తిరునీరు విభూతి రేకలతో వచ్చాడు. ఉన్న ఏడుగురూ అతని వెనక నడిచారు. పొన్నుతాయి ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించి, ముందు హాల్లో ఓవెనుకు చూపింది, ఆర్పేసిన ఫర్నెస్‌కు చూపింది, మైక్రోస్కోపుకు చూపింది. సింధుజ ఫోను ఎత్తి తీస్తోంది. అందరూ తూకం గది ముందుకు వచ్చి ఆగారు. తలుపు మూసి ఉంది.

బాలచందర్ అరుగు మీది డబ్బాలను చూశాడు. లోపల అంతా దులిపారా అని అడిగాడు.

“దులిపాం సార్. రెండు డబ్బాలు ఖాళీ అయ్యాయి,” అంది సుధాలక్ష్మి.

అతను తల పంకించి, ఒక అడుగు పక్కకు వేసి, ఆడవాళ్లు ముందు అన్నట్టు చెయ్యి చాపాడు. పొన్నుతాయి కదలలేదు. ఆమె చేతిలోని పళ్లేన్ని సుధాలక్ష్మి అందుకుని, రెండు చేతులతో బాలచందర్ ముందు పట్టుకుంది. వేలికొసలకు ఇత్తడి వేడి తగులుతోంది. కర్పూరపు మంట అటూ ఇటూ ఊగుతోంది.

“ఈ ఏడు మీరు చూపించండి సార్.”

అతను నవ్వాడు. ఏటేటా ఉన్న సంప్రదాయం ఎందుకు మార్చాలన్నాడు. సుధాలక్ష్మి పళ్లెం దించలేదు. ఏసీ గాలికి ఆరిపోతుందన్నాడు. ఏసీ ఆపే ఉంది సార్ అని సింధుజ వెనక నుంచి చెప్పింది. పంచె కట్టుకున్నాను, నిప్పు దగ్గర మంచిది కాదు అన్నాడు. పొన్నుతాయి తన నూలు చీర కొంగును చూసుకుంది.

“ఈ డబ్బా సురక్షితమని మీరు సిఫారసు చేసిన కాగితం నా దగ్గరే ఉంది సార్. అందరి ముందూ మీ చేత్తోనే హారతి ఇస్తే నేనూ సంతకం చేసేస్తాను,” అంది సుధాలక్ష్మి. “తలుపు తీస్తున్నాను.”

ఎడమచేత్తో పళ్లేన్ని పొదువుకుని, కుడిచేత్తో తలుపు పిడి తిప్పి, బెత్తెడు తెరిచింది. అప్పుడు బాలచందర్ కదిలాడు. ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి తలుపును దబ్బుమని లాగి మూశాడు. మూసి, రెండు అడుగులు వెనక్కి వేసి, గోడకు ఆనుకున్నాడు.

“పిచ్చా నీకు? లోపల నిండా గ్యాసు ఉంటుంది. అంటుకుంటుంది.”

పెద్ద గొంతుతో అనలేదు. అక్కడ ఉన్న ఏడుగురికీ వినబడేంత గొంతుతో అన్నాడు. మాట బయటికి వచ్చాక దాన్ని ఎవరు అన్నారో వెతుకుతున్నట్టు అందరి మొహాలూ చూశాడు. సింధుజ ఫోను మెల్లగా దించింది. పొన్నుతాయి చూపు అతని మీది నుంచి కదలలేదు. పోయిన ఏటి నుంచి ఈ ఏటికి లెక్క వేసుకుంటున్న మనిషిలా చూస్తోంది.

“లోపల గ్యాసు లేదు సార్,” అంది సుధాలక్ష్మి. “త్రాసులను కుంచెతో తుడిచాం, బుడ్డితో ఊదాం. డబ్బాలు పెరట్లో ఖాళీ చేశాం.” ఆమె అరుగు మీది డబ్బాలను చూపించింది. “అది అంటుకుంటుందని నాకు శనివారం తెలిసింది. మీకు ఎప్పుడు తెలిసింది?”

అతను పూజ కానివ్వండి, తరువాత మాట్లాడదాం అన్నాడు. కర్పూరం ఇంకా సగం ఉంది సార్ అని ఆమె జవాబు చెప్పింది. పళ్లేన్ని పొన్నుతాయికి ఇచ్చి, సంచిలోంచి కాగితం తీసి, అరుగు మీద ఖాళీ డబ్బాల పక్కన పరిచింది. అవును అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసి, కాదు అని రాసి, మండే వాయువు అని కారణం చేర్చి, సంతకం చేసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. కలాన్ని అతని వైపు తిప్పి పట్టుకుంది. అతను ఆమెను చూడలేదు. ఆమె వెనక నిలబడ్డ ఆరుగురినీ చూశాడు. వాళ్లలో ఒక్కరూ తల దించుకోలేదు. అతను వంగి సంతకం చేశాడు.

సింధుజ అడగకముందే వెళ్లి ప్రమాదాల రిజిస్టరు తెచ్చింది. సాక్షి గడిలో సుధాలక్ష్మి తాను చూసినది చూసినట్టు రాసింది. మంట ఎక్కడ పుట్టిందో, డబ్బాలో ఏముందో, ఏ బొమ్మ మీద ఏ చీటీ ఉందో రాసింది. అజాగ్రత్త అన్న మాట ఆమె రాతలో ఎక్కడా రాలేదు. రాసినదంతా అందరికీ తెలిసే తమిళంలోకి తిప్పి పొన్నుతాయికి చదివి వినిపించింది. అంతా వినేదాకా పొన్నుతాయి పళ్లేన్ని అరచేతుల్లో అలాగే పట్టుకుని నిలబడింది. మంట చిన్నదవుతుంటే ఇంకో కర్పూరపు బిళ్ల వేసింది.

“సూడం అయిపోతా ఉంది,” అంది చివరికి. “లోపలికి ఎవరు వస్తారు?”

సుధాలక్ష్మి తలుపు తీసింది. లోపల ఏమీ లేదని ఆమెకు తెలుసు. మూలమూలా తానే ఊదింది, తానే తుడిచింది. అయినా గడప దాటేటప్పుడు కాలివేళ్లు ముడుచుకున్నాయి. పొన్నుతాయి కూడా గడప మీద ఒక్క క్షణం ఆగింది. తరువాత ఇద్దరూ ఒకేసారి అడుగు వేశారు.

మంట పచ్చగా, నిలకడగా, కర్పూరం ఎంత ఇవ్వగలదో అంత వెలుగే ఇచ్చింది. పొన్నుతాయి పటానికి మూడుసార్లు తిప్పింది. ఒక్కో త్రాసు ముందూ ఆగి, లోపల ఎవరో కూర్చుని ఉన్నట్టు వంగి చూపింది. సింధుజ వచ్చింది. తక్కినవాళ్లు వచ్చారు. కళ్లకు అద్దుకోవడానికి ఒక్కొక్కరూ మంట మీద చేతులు పెట్టారు.

బాలచందర్ గడప అవతలే ఉన్నాడు. పొన్నుతాయి పళ్లేన్ని గుమ్మం దాకా తీసుకువెళ్లి అతని ముందు పట్టుకుంది. అతను పాదాలు కదపకుండా చెయ్యి మాత్రం లోపలికి చాపాడు. వేళ్లు మంటకు జానెడు పైన ఆగి, అక్కడ గాలిని తాకి, వెనక్కి పోయాయి. పళ్లెం పట్టుకున్న నున్నటి ముంజేతి పక్కన అతని ముంజేతిని సుధాలక్ష్మి చూసింది. దాని మీద వెంట్రుకలు దట్టంగా, నల్లగా, ఒక్కటి తక్కువ కాకుండా ఉన్నాయి.